ఒక్క సరుకు మీద బతికే టౌన్లో డబ్బు పెట్టొచ్చా? పలాస, సిరిసిల్ల, ఆదోని, అంబాజీపేట... మీ ఊరి సంగతి చెప్పండి

ఉద్దానం_కుర్రోడు

అందరికీ నమస్తే. మాది పలాస–కాశీబుగ్గ, ఉద్యోగం విశాఖలో. మా బావ అక్కడే చిన్న జీడి యూనిట్ పెడదామని పోరుతున్నాడు. పెడితే ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి అందులో పోయాలి, పైన బ్యాంకు అప్పు. వ్యాపారం లెక్కలు బావకు బాగా తెలుసు. నా టెన్షన్ వేరు. మా టౌన్ మొత్తం ఒక్క సరుకు మీద నడుస్తోంది. దానికి జలుబు చేస్తే బంగారం కొట్టు నుంచి బజ్జీల బండి దాకా అందరూ తుమ్ముతారు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. మా చుట్టూ ఉన్న ఉద్దానం తోటల్లో వేసవికి పిక్కలు, అంటే తొక్క తీయని జీడిగింజలు, దిగుతాయి. మా దగ్గర బేరమంతా 80 కిలోల బస్తా లెక్కన. ఉడకబెట్టి, కోసి, బట్టీలో ఆరబెట్టి, పైపొర తీసి, సైజుల వారీగా ఏరితే చేతికొచ్చే పప్పు రమారమి నాలుగో వంతు. పిక్క కోతలో కూర్చునే ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే ఏం పని చేస్తారో అడగక్కర్లేదు. జీడి నూనె తగిలి చర్మం పొక్కుతుంది, గోళ్ళ చుట్టూ నల్లగా అయిపోతుంది. బూడిదో నూనో రాసుకుని కూర్చుంటారు. పొర తీసే చోట అంత బాధ లేదు కానీ ఓపిక కావాలి. చిన్న కత్తితో గుండు (నిండు పప్పు) విరగకుండా తీయాలి, విరిగి బద్ద అయిందంటే ధర పడిపోతుంది. తెల్లారేసరికి క్యారేజీలు పట్టుకుని ఫ్యాక్టరీలకు నడిచేది ఎక్కువగా ఆడవాళ్ళే. మా టౌన్లో చీటీలు, చీరలు, ట్యూషన్ ఫీజులు అన్నీ వాళ్ళ కూలి డబ్బుతోనే.

మన తోటల పిక్క ఫ్యాక్టరీలకు ఏడాది పొడుగునా సరిపోదు. ఐవరీ కోస్ట్, బెనిన్ లాంటి ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో వస్తుంది. అందుకే కాశీబుగ్గ టీ కొట్లో అక్కడి పంట గురించి కూడా మాట్లాడుకుంటారు. పైగా 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా మీదుగానే పోయింది. ఒక్క రాత్రిలో జీడి, కొబ్బరి వేళ్ళతో సహా లేచిపోయాయి. జీడి మొక్క పెడితే కాపు చూడ్డానికే మూడు నాలుగేళ్ళు. ఆ ఏడు తోట పోయినవాళ్ళు కొందరు హైదరాబాదు వెళ్ళి వాచ్‌మన్లుగా చేరారు, మళ్ళీ రాలేదు.

ఇలా ఒక్క సరుకు మీద బతికే టౌన్లవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారని తెలుసు. మీ దగ్గర ఎవరు నిలబడ్డారు, ఎవరు మునిగారు? సలహా కాకపోయినా, జరిగింది చెప్పండి చాలు.

జమ్మికుంట_కాంటా

తమ్ముడూ, మంచి థ్రెడ్ తెరిచినవ్. మాది పత్తి. మా నాన్న మార్కెట్లో దడ్వాయి, అంటే కాంటా వేసేటాయన.

ఒక్క ముచ్చట చెప్తా, దాంట్లోనే మొత్తం అర్థమైతది. అప్పట్ల రైతు తెల్లారకముందే పత్తి తెచ్చి యార్డుల పోసేది. వేలం అయ్యేదాకా చాయ్, ఇడ్లీ, బీడీ, ముచ్చట. కాంటా అయినంక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో లెక్క చీటీ, అదే తక్‌పట్టీ తీసుకుని, విత్తనాల ఉద్దెర కోత పోను మిగిలిన పైసలు రుమాల్ల కట్టుకుని బజారుకొచ్చేది. ఇంటికి పోయే ముందు బిడ్డకు గాజులు, ఇంటామెకు చీర, మోటారుకు స్పేర్ పార్టు, ఒక గొలుసు చెయ్యడానికి కంసాలికి అడ్వాన్సు. కాంటాకూ ఇంటికి పోయే బస్సుకూ నడుమ ఉన్న ఆ మూడు నాలుగు గంటల మీదనే మా టౌన్ బతికింది.

ఇప్పుడు సీసీఐ (కేంద్రం పత్తి సంస్థ) కొనుగోళ్ళు గింజ తీసే జిన్నింగ్ మిల్లుల కాడ. తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే వాపస్. యాప్‌లో స్లాట్ పెట్టుకోవాలె. పైసలు సీదా ఖాతాల పడతయ్. రైతుకు ఇది మంచిదే, నేను కాదనను. అడ్తి దగ్గర నలిగిన కుటుంబాలను మస్తు చూసిన. కానీ ఆ రైతు ఇప్పుడు మిల్లు గేటు నుంచే ట్రాక్టర్ తిప్పుకుని పోతడు. ఖాతాల పైసలు పడ్డ మెసేజ్ ఊళ్ళె చూసుకుంటడు, పిల్లగాడు ఫోన్ల షర్టు ఆర్డర్ పెడతడు. సరుకు అంతే ఉన్నది, రేటు కూడా పెరిగింది, టౌన్‌లకు వచ్చే పైసలు మాత్రం పల్చబడ్డయ్.

కాబట్టి నీ జీడికి గిరాకీ ఎట్లుంటది అన్నది ఒక ప్రశ్న. ఆ పైసలు పలాసలో ఎంతసేపు ఆగుతయ్ అన్నది ఇంకో ప్రశ్న.

ఆస్టిన్_ఆంధ్రుడు

ఇవన్నీ చదువుతుంటే మనసు ఎక్కడికో పోయింది. మా చిన్నప్పుడు శనివారం సంత, నేల టికెట్టు, ఎడ్ల బళ్ళు, లాంతరు వెలుగులో వేరుశనక్కాయలు... ఆ టౌన్లు అలాగే ఉండిపోతే ఎంత బాగుండేదో. మొన్న వచ్చినప్పుడు చూస్తే మా సినిమా హాలు కల్యాణ మండపం అయిపోయింది. షాపులన్నీ గ్లాసు అద్దాలు. ఆత్మ పోయింది.

పసుపుకొమ్ము

ఆస్టిన్ గారూ, మీ జ్ఞాపకాల కోసం మేం లాంతరు పెట్టుకుని కూర్చోలేం కదండీ 🙂 ఆ నేల టికెట్టు హాల్లో ఆడవాళ్ళు బాత్రూంకి ఎక్కడికి వెళ్ళేవాళ్ళో ఎప్పుడైనా ఆలోచించారా? కల్యాణ మండపమైతే నెలకు నాలుగు పెళ్ళిళ్ళు అవుతాయి. వంటవాళ్ళు, పూలవాళ్ళు, సన్నాయి మేళం, టెంటు సామాన్లవాళ్ళు, మా కిరాణా కొట్టు, అందరికీ పని.

మాది దుగ్గిరాల. పసుపు యార్డుకు ఎదురు వీధిలో కొట్టు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి తెస్తారు. యార్డులో కొమ్ములకొక ధర, కాయకొక ధర. ధర నచ్చకపోతే రైతు కోల్డ్ స్టోరేజీలో పెట్టి రసీదు మీద అప్పు తెచ్చుకుంటాడు. జమ్మికుంట అన్నగారు చెప్పింది మా దగ్గర వేరేగా జరిగింది. సరుకు స్టోరేజీలో ఉన్నన్నాళ్ళూ డబ్బు కూడా అక్కడే ఇరుక్కుంటుంది. ధర పెరుగుతుందని ఏడాది ఆగినవాడి ఖాతా నా పుస్తకంలో కూడా ఏడాది ఆగుతుంది. నేను పప్పు, ఉప్పు అమ్ముతాననుకుంటారు గానీ నిజానికి నేను నడిపేది వడ్డీ లేని బ్యాంకు.

ఒక్క సరుకు టౌన్లో కొట్టు నడపడమంటే ఇదే. అమ్మకం ఎవరైనా చేస్తారు. ఎవరికి ఎంతవరకు అప్పివ్వాలో తెలిసినవాళ్ళే మిగులుతారు. ఆన్‌లైన్ వాళ్ళు ఎంత తగ్గింపు ఇచ్చినా, వచ్చే పంటకు ఇస్తానంటే సరుకివ్వరు కదా.

సిరిసిల్ల_బిడ్డ

ఉద్దానం తమ్మీ, నేను చెప్పేది మునిగిన కథనో తేలిన కథనో నువ్వే అనుకో.

మా బాపు సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసిండు, అమ్మ బీడీలు చేసింది. మా వాడకట్టు మొత్తం అంతే. పొద్దున లేస్తే చెవులల్ల సాంచాల మోతే. ఆ మోత బందైతే నిద్ర పట్టని ముసలోళ్ళు ఇప్పటికీ ఉన్నరు. అమ్మ చాట ముందట ఏసుకుని కూసుంటే చేతులు వాటంతటవే నడిచేటివి. ఆకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు. మాతో మాట్లాడుకుంటనే, మా లెక్కలు దిద్దుకుంటనే. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఇచ్చిన ఆకుల మంచియి తక్కువొస్తే లోటు తన కూలిల నుంచే.

బయటోళ్ళు సిరిసిల్ల అంటే నేత అంటరు. ఇంటి లోపల చూస్తే, సాంచాలు బందైన నెలల్ల ఇల్లు గడిచింది బీడీల మీద. రెండు పనులూ ఆరోగ్యాన్ని తినేటియే, ఒకటి దుమ్ము, ఒకటి తంబాకు. అయినా ఒకటి ఆగినప్పుడు ఇంకోటి పట్టింది.

ఇక నేత సంగతి. సేటు యారన్ (నూలు) ఇస్తడు, ఆసామి సాంచాలు పెట్టుకుని బట్ట నేయించి ఇస్తడు, కార్మికుడికి మీటరు లెక్కన కూలి. నష్టం ఎప్పుడూ కింది నుంచి మొదలైతది. పాలిస్టర్ గుడ్డకు గిరాకీ పడిపోయి ఆత్మహత్యలు వార్తలైన ఏండ్లు మాకు యాదికున్నయ్. భీవండి, సూరత్, షోలాపూర్ పోయిన ఇండ్లు లెక్కలేనన్ని. 2017ల బతుకమ్మ చీరెల ఆర్డరొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ కొన్నేండ్లు ఊరు తేటగైంది. పోయినోళ్ళు కొందరు వాపస్ వచ్చిండ్రు, ఆసాములు అప్పు చేసి సాంచాలు బాగు చేయించిండ్రు. తర్వాత ఆ ఆర్డరు ఆగింది. నెలల తరబడి సాంచాలు మూలకు పడ్డయ్. మళ్ళా మహిళా సంఘాల చీరెల ఆర్డరొచ్చింది, మళ్ళా మోత మొదలైంది.

దీంట్ల తప్పు ఆర్డరుది కాదు. కొనేటోడు ఒక్కడే అయితే, ఆ ఒక్కడు సర్కారైనా సేటైనా, వాడు దగ్గితే మనకు జ్వరం. మీ జీడికి కొనేటోళ్ళు దేశమంతా ఉన్నరు. ఆ లెక్కన మీది మాకంటే చాలా నయం.

ఉద్దానం_కుర్రోడు

అక్కా, మీరు చెప్పిన బీడీల సంగతి నన్ను పట్టేసింది. మా అమ్మ కూడా పొర తీసే పనికి వెళ్ళేది, దాంతోపాటు ఇంట్లో రెండు గేదెలు. యూనిట్ మూసిన వారంలో పాలమ్మిన డబ్బులే దిక్కు.

కొనేవాళ్ళు దేశమంతా ఉన్న మాట నిజమే. కానీ పిక్క అమ్మేవాళ్ళు? ముడి సరుకు ఓడలో వచ్చిందంటే దాని రేటు మన చేతుల్లో లేదు. ఫ్యాక్టరీవాళ్ళు ఖరీదుకు కొనేసి, పప్పు అమ్మే టైముకు ధర పడితే, మొదట చేసే పని యూనిట్లు మూయడమే. స్థానిక రైతు ఏమో బయటి పిక్క దిగింది కాబట్టే మా బస్తాకు ధర రాలేదని ధర్నా. ఇద్దరూ ఒకే టౌన్లో, ఒకే కల్యాణ మండపంలో పక్కపక్కన భోంచేస్తారు.

సాలూరు_స్టీరింగ్

నేను కూడా ఉత్తరాంధ్రవాణ్ణే గురూ. మాది పంట కాదు, లారీ. రాయపూర్ రోడ్డు మీద ఉన్న ఊరు కాబట్టి ఇంత చిన్న టౌన్‌కు అన్ని లారీలు వచ్చాయి. మా వీధిలో లారీ లేని ఇల్లుంటే డ్రైవరున్న ఇల్లు, డ్రైవరు లేకపోతే క్లీనరున్న ఇల్లు.

మా దగ్గర చూసింది చెప్తాను. డీజిలు, టైర్లు, ఫైనాన్స్ వాయిదాలు పెరిగాయి, కిరాయి ఆ లెక్కన పెరగలేదు. ఒకటి రెండు లారీలున్న ఓనర్లే ముందు పోయారు. ఫైనాన్స్ వాళ్ళు బండి లాక్కుపోయాక, తన లారీకే వేరేవాడి దగ్గర డ్రైవరుగా కూర్చున్నవాణ్ణి చూశాను. కానీ బాడీ కట్టేవాళ్ళు, బ్రేకుల మేస్త్రీ, స్ప్రింగు కట్టలు కొట్టేవాడు, ఎలక్ట్రీషియన్, పెయింటరు, వీళ్ళెవరూ పోలేదు. లారీ మనదైనా ఛత్తీస్‌గఢ్‌దైనా కట్ట విరిగితే మేస్త్రీ కావాలి. ఇప్పుడు జేసీబీలు, ట్రాక్టర్లు, స్కూలు బస్సులు కూడా చేస్తున్నారు. మా చిన్నాన్న చదివింది ఐదో తరగతి. ఇంజన్ శబ్దం విని రోగం చెప్తాడు, ఇప్పటికీ ఆయన షెడ్డు ముందు క్యూ.

అందుకని మీ బావకు చెప్పు. పిక్క కొని నిల్వ పెట్టడం లారీ ఓనరు పని. మిషన్లు బాగు చేయడం, ప్యాకింగ్, డబ్బాలు, తొక్క, రవాణా ఇవన్నీ మేస్త్రీ పని. డబ్బు ఎక్కువ కనపడేది మొదటిదానిలో, రాత్రి నిద్ర పట్టేది రెండోదానిలో.

పండగ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? జనవరిలో శంబర పోలమాంబ జాతరకు మా లారీలు ఎక్కడున్నా వచ్చి తీరాలి. లోడు దొరక్కపోతే ఖాళీగానైనా తెచ్చేస్తారు. ఆ వారం కిరాయి గురించి ఎవడూ మాట్లాడడు.

కోనసీమ_కురిడీ

స్టీరింగ్ గారి మాట నూటికి నూరు పాళ్ళు. అంబాజీపేటలో కూడా అంతే జరిగిందండి.

పేపర్లో రోజూ వచ్చే మా ధరల పట్టిక చూసే ఉంటారు. కొత్త కొబ్బరి క్వింటా ఇంత, కురిడీ (కాయలోనే ఎండిన కొబ్బరి) గండేరా రకం వెయ్యి కాయలకింత, గటగట రకం వెయ్యికింత, నీటికాయ ఇంత, ముక్కుడు కాయ ఇంత. బయటివాళ్ళకు మంత్రాల్లా ఉంటుంది. మాకు మాత్రం పెళ్ళి ముహూర్తం పెట్టే ముందు చూసే పట్టిక. కొబ్బరి రైతు చేతిలో ఒక సౌకర్యం ఉందండి, వరి రైతుకు లేనిది. కాయ ధర బాగుంటే కాయగా అమ్ముతాడు, లేదంటే కొట్టి కొబ్బరి చేస్తాడు, అదీ కాదంటే అటక మీద పోసి కురిడీ అయ్యేదాకా ఆగుతాడు. ఒకే సరుకులో మూడు సరుకులు.

మరి 2025లో ఏమైంది? కొబ్బరి ధర ఎప్పుడూ చూడనంత పైకి పోయింది. అందరూ బాగుపడ్డారనుకుంటారు. కాయలున్న రైతు బాగుపడ్డాడు, నిజమే. కాయ కొని కొబ్బరి చేసే చిన్న వ్యాపారికి పెట్టుబడి చాల్లేదు. మిఠాయి కొట్టువాడు లౌజు ముక్క సైజు తగ్గించాడు. దింపు కార్మికులకు పని అంతే, కూలి ఏదో కాస్త పెరిగింది. చెట్టెక్కేవాళ్ళే దొరకట్లేదు. ఆ పని మా పిల్లలకొద్దని దింపువాళ్ళే అంటున్నారు, అది వాళ్ళ హక్కు. పీచు మిల్లులు, చిప్ప బొగ్గు వాళ్ళు మాత్రం ధర ఎలా ఉన్నా నడుస్తున్నారు.

ఇక పండగ. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థం. పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు ప్రభలు (వెదుళ్ళు, గుడ్డలతో కట్టి దేవుణ్ణి ఉంచి మోసేవి), ఏకాదశ రుద్రులు. గుడి లేదు, కొబ్బరితోట అంతే. గంగలకుర్రు ప్రభలను కౌశిక నదిలో దింపి, పీకల్లోతు నీళ్ళలో భుజాల మీద దాటించే దృశ్యం చూడాల్సిందే. అక్కణ్ణించి నాటిన వరిచేల మీదుగానే తీసుకెళ్తారు. చేను తొక్కారని ఒక్క రైతు కూడా నోరెత్తడు, స్వామి నడిచాడంటాడు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం ఇదే. ప్రభకు వెదుళ్ళు, గుడ్డలు, బాణసంచా ఖర్చు తక్కువేం కాదు. 2011లో సాగు గిట్టుబాటు కాక కోనసీమ రైతులు ఖరీఫ్‌కు పంట విరామం ప్రకటించారు కదా. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి కూడా ప్రభలు లేచాయి.

ఆస్టిన్_ఆంధ్రుడు

పసుపుకొమ్ము గారూ, బాత్రూం మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. కానీ కురిడీ గారు చెప్పింది కూడా నా బాధే కదా. పండగలు అలాగే ఉన్నాయి, మరి ఊరి మీద పట్టు ఎందుకు పోతోంది? మేమంతా చందాలు పంపుతూనే ఉన్నాం.

పసుపుకొమ్ము

పంపండి, వద్దనట్లేదు. కాకపోతే ఒక్క మాట. ఇరవై ఏళ్ళ కిందట తిరునాళ్ళకు మా కొట్టు చందా, హమాలీల సంఘం చందా, యార్డు వ్యాపారుల చందా ఇవే పెద్దవి. మైకులో పేర్లు ఆ వరసలోనే చదివేవాళ్ళు. ఇప్పుడు ముందు చదివేది అమెరికా చందా. దాంతో లైటింగు, డీజే, ఆర్కెస్ట్రా అన్నీ బయట నుంచి వస్తున్నాయి. మా ఊరి డప్పులవాళ్ళకు పావుగంట. మీరిచ్చే డబ్బుతో మా వీధి కోలాటం పిల్లలకు చీరలు కొనిపెట్టండి, అది మా కొట్టు పక్క షాపులోనే కొనండి. జమ్మికుంట అన్నగారు చెప్పిన ఆ మూడు గంటలు అలా తిరిగొస్తాయేమో.

చీరాల_మాస్టారు

నేను రిటైరైన సోషల్ టీచర్ని. కొంచెం చరిత్ర చెప్పనివ్వండి, విసుక్కోకండి.

ఇలాంటి ఊళ్ళు పల్లె, పట్నం మధ్య ఊగుతూ ఉంటాయి. జనాభా లెక్కలవాళ్ళ కొలత ప్రకారం కనీసం 5,000 మంది జనం, పనిచేసే మగవాళ్ళలో నూటికి కనీసం 75 మంది వ్యవసాయేతర పనుల్లో ఉండటం, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉంటే అది పట్టణం. కానీ ప్రభుత్వం మునిసిపాలిటీ అని ప్రకటిస్తే తప్ప పన్ను మారదు. 1919లో చీరాల–పేరాలను మునిసిపాలిటీ చేశారు. నాలుగు వేల పన్ను నలభై వేలైంది. నేతగాళ్ళు, చిన్న రైతులు, ఎక్కడి నుంచి తెస్తారు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద 1921లో జనం ఇళ్ళకు తాళాలేసి ఊరి బయట పాకలు వేసుకున్నారు. రామనగర్ అని పేరు పెట్టుకుని పదకొండు నెలలు అక్కడే. ఎండ, వాన, జ్వరాలు అన్నీ పడ్డారు. మునిసిపాలిటీ వద్దని ఊరే లేచిపోయిన కథ ఇంకెక్కడుందో చెప్పండి.

ఇది పాత కథ కదా అనకండి. నగర పంచాయతీ చేస్తాం, పక్క పల్లెలను కలుపుతాం అంటే ఇప్పటికీ ధర్నాలు ఎందుకవుతున్నాయి? కలిపారంటే ఇంటి పన్ను పెరుగుతుంది, ఉపాధి హామీ పని పోతుంది. అది గ్రామ పంచాయతీలకే. కాగితం మీద పట్నవాసి అయినవాడు మర్నాడు కూడా అదే పొలంలో కూలి చేసుకోవాలి, వేసవిలో మాత్రం చెరువు పని ఉండదు. సెంటు స్థలమున్నవాడు మాత్రం రేటు పెరిగిందని సంబరపడతాడు. ఒకే వీధిలో ఆ ఇంటికి పండగ, ఈ ఇంటికి బెంగ.

ఉద్దానం బాబూ, యూనిట్ పెట్టే స్థలం ఏ పరిధిలోకి వస్తుందో కనుక్కో. చిన్న విషయంలా ఉంటుంది, పన్నులూ అనుమతులూ అన్నీ దాని మీదే.

ఆదోని_సుగ్గి

మా వైపు నుంచి ఎవరూ రాలేదని నేనే రాస్తున్నా. ఆదోని పత్తి యార్డు ఎంత పెద్దదో మీకు తెలుసు. జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు, కన్నడం కలిసిన తెలుగు, ఉర్దూ, మార్వాడీ కొట్లు. బయటివాళ్ళకు మా టౌన్ ఆస్తిపరుల ఊరిలా కనబడుతుంది.

చుట్టూ పల్లెలకు పోండి. కోసిగి వైపు వాన పడితేనే పంట. పత్తి, మిరప అయిపోయి చేతిలో పనిలేకపోతే సుగ్గికి, అంటే కూలి పనికి వలస, పోతారు. కుటుంబం కుటుంబం, బియ్యం మూట, గిన్నెలు, మేక పిల్లతో సహా ట్రక్కులెక్కి గుంటూరు మిరప చేలకు. ఇళ్ళకు తాళాలు, అరుగుల మీద ముసలోళ్ళు. పిల్లల బడి ఆగకూడదని సీజనల్ హాస్టళ్ళు పెట్టారు. చెల్లెలిని చూసుకోవడానికి అక్కను వెంట తీసుకుపోతే హాస్టల్ ఏం చేస్తుంది?

టౌన్లో వ్యాపారికి కూడా ఈ సుగ్గి మీద లెక్క ఉంటుంది. సంక్రాంతి నుంచి బేరాలు చప్పగా ఉంటాయి. ఉగాదికి అందరూ తిరిగొస్తారు, అప్పుడు చూడాలి బట్టల బజారు. గుంటూరు ఘాటు డబ్బు ఆదోనిలో ఖర్చవుతుంది. కాబట్టి మాది పత్తి టౌనా, మిరప టౌనా చెప్పండి.

ఇంకో తమాషా. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల వేట. పనులు మానుకుని జనం వంగి నడుస్తుంటారు. దొరికినవాడి పేరు పేపర్లో, దొరకనివాడి కూలి గల్లంతు.

తటస్థుడు

ఆదోని అంటే గుర్తొచ్చింది. దేవరగట్టులో దసరా రాత్రి కర్రల సమరం ఇంకా ఎందుకండీ? ప్రతి ఏటా తలలు పగలడం సంప్రదాయమా? నిషేధించాలి.

ఆదోని_సుగ్గి

పోలీసులు, కెమెరాలు, అవగాహన సభలు అన్నీ అయ్యాయి సార్. తలలు పగలడం బాగుందని నేనూ అనను, మా మేనమామ నుదుటి మీద కుట్లున్నాయి. కానీ నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్ళు దాన్ని కొట్లాట అనుకోరు. మాళమల్లేశ్వర స్వామి విగ్రహం మా చేతుల మీదుగా పోవాలనే పంతం. ఏడాదంతా వలసల్లో చెదిరిపోయిన ఊళ్ళు ఆ రాత్రికి ఒక్కటిగా నిలబడతాయి. తాగి వచ్చేవాళ్ళ వల్లే ఎక్కువ నష్టం, ముందు దాన్ని ఆపితే సగం తలలు మిగులుతాయి.

మోడరేటర్

దేవరగట్టు మీద పాత థ్రెడ్ ఉంది, దయచేసి అక్కడ కొనసాగించండి. ఇక్కడ జీడి, టౌన్ల సంగతే.

జమ్మికుంట_కాంటా

మోడరేటర్ అన్న మాట సరే. ఉద్దానం తమ్ముడూ, ఇంతకూ మీ బావ ఏమంటడు? పిక్క నిల్వకే ఎంత పైసలు కావాలె?

ఉద్దానం_కుర్రోడు

ఈ థ్రెడ్ మొత్తం ఆదివారం బావకు చదివి వినిపించాను. సాలూరు అన్న లారీ ఓనరు పోలిక దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నాడు. గొడవ కూడా అయింది. "ఓనరు కావాలనుకునేవాణ్ణి మేస్త్రీ అవమంటారా?" అని లేచి వెళ్ళిపోయాడు. గంటాగి వచ్చి లెక్క మొదలుపెట్టాడు.

పెట్టుబడిలో పెద్ద భాగం పిక్క కొనడానికే. సీజన్లో రెండు మూడు నెలల్లో కొని, ఏడాది పొడుగునా పప్పు చేసి అమ్మాలి. మిషన్లు, షెడ్డు దాని ముందు చిన్నవే. అంటే మేం పెట్టబోయేది ఫ్యాక్టరీ కాదు, ధర మీద పందెం. బావకు అది తెలుసు, నాకు తెలీదనుకున్నాడు.

ప్రస్తుతానికి కుదిరింది ఇది. పిక్క కొనం. రెండు పెద్ద యూనిట్ల నుంచి కోసి ఆరబెట్టిన పప్పు తెచ్చి కూలికి పొర తీయించి, ఏరించి ఇస్తాం. అలా చేసేవాళ్ళు ఇప్పటికే ఉన్నారు, పోటీ ఉంటుంది. ఏరినదాంట్లో కొంత మేమే కొని పావుకిలో, అరకిలో ప్యాకెట్లు వేసి స్టేషన్ దగ్గర మా పెదనాన్న కొట్లో పెడతాం. డబ్ల్యూ 320 సైజు గుండు అందరూ అమ్ముతారు. మేం బద్ద మీద దృష్టి పెడదామనుకుంటున్నాం, పాయసానికీ కూరకీ గుండు ఎందుకు? అప్పు లేకుండా నా పొదుపులో మూడో వంతుతో అయిపోతుంది. స్థలం మునిసిపాలిటీలోనే వస్తుంది మాస్టారూ, కనుక్కున్నాను.

తేలనిది కూలి సంగతి. కిలోకు ఇంత అనిస్తే చేయి తిరిగినవాళ్ళకు మంచిది, రోజు కూలి అయితే కొత్తగా వచ్చేవాళ్ళకు. అమ్మ మాత్రం రోజు కూలే ఇవ్వమంటోంది. కిలో లెక్కన అయితే నీళ్ళు తాగడానికి కూడా లేవరట.

సిరిసిల్ల_బిడ్డ

అమ్మ మాట విను తమ్మీ. మా అమ్మకు వెయ్యి లెక్క కాకుండా రోజు లెక్కుంటే నడుము ఇంకో పదేండ్లు నిలిచేది. మరీ నష్టమైతదనుకుంటే రోజు కూలి ఖాయం చేసి, దాటినదానికి కిలో లెక్కన పైన ఇయ్యి. తూకం మాత్రం వాళ్ళ ముందే వెయ్యి.

జమ్మికుంట_కాంటా

తూకం మాట అక్క ఎత్తింది కాబట్టి, దడ్వాయి కొడుకుగా చెప్తున్న. కాంటా వాళ్ళకు కనపడేటట్టు పెట్టు, అంకెలు నీ దిక్కు తిప్పుకోకు. కాంటాకు ఏటా తూనికల శాఖ ముద్ర వేయించు.

కోనసీమ_కురిడీ

బద్ద ప్యాకెట్లు రెడీ అయ్యాక ఇక్కడ ధర పెట్టండి. మా వైపు పెళ్ళిళ్ళ సీజన్ వస్తోంది, వంటవాళ్ళు బద్దే అడుగుతారు. పదేసి కిలోల డబ్బా అయితే ఎంతకిస్తారు?